తొలగించిన సారు ఎక్కడికి వెళతాడు? పిల్లల సంస్థల్లో భద్రతా నియమాల వెనుక చరిత్ర

వేసవి సెలవులు మొదలయ్యేసరికి హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా సమ్మర్ క్యాంపుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. స్కేటింగ్, కరాటే, ఈత, చిత్రలేఖనం అంటూ జాబితా ఉంటుంది, ఫీజు ఉంటుంది, ఒక ఫోన్ నంబరు ఉంటుంది. నేర్పే సారు ఎవరో, అంతకుముందు ఎక్కడ పనిచేశారో, అక్కడి నుంచి ఎందుకు వచ్చేశారో మాత్రం ఉండదు. బస్సు సౌకర్యం ఉందా అని అడిగినంత తేలికగా తల్లిదండ్రులం ఆ మాట అడగలేం కూడా. యువజన సంస్థల్లో పిల్లల భద్రత కోసం వచ్చిన నియమాల చరిత్రను తిరగేస్తే, అది చాలావరకు ఈ అడగని ప్రశ్న చుట్టూనే నడిచిందని తెలుస్తుంది.

పిల్లలను ఇంటి బయట, బడి బయట పెద్దల చేతిలో పెట్టడం మనకు కొత్త కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర బాలానంద సంఘం రాష్ట్రావతరణ తర్వాత హైదరాబాద్‌కు తరలివచ్చింది. రేడియోలో వినిపించే ఆ ఇద్దరినీ తెలుగు పిల్లలు అన్నయ్య, అక్కయ్య అనే పిలుచుకున్నారు. 1948లో ఎన్‌సీసీ, 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్, 1969లో ఎన్‌ఎస్‌ఎస్ వచ్చాయి. నేర్పేవారిని ఇంటి మనిషిగా చూసే ఆ చనువు వల్ల ఎన్నో తరాలు మేలు పొందాయి. అదే చనువును అడ్డుపెట్టుకొని లోపలికి వచ్చేవాడు కూడా ఉంటాడన్న సంగతిని మాత్రం ఏ దేశమూ దెబ్బ తినకముందు గుర్తించలేదు.

స్కాట్లాండ్‌లో థామస్ హామిల్టన్ అనే వ్యక్తిని 1974లో స్కౌట్ సంఘం నాయకత్వ బాధ్యత నుంచి తప్పించింది. తిరిగి చేరడానికి అతను చేసిన ప్రయత్నాలను అడ్డుకుంది కూడా. అయితే అతను పాఠశాలల హాళ్లు అద్దెకు తీసుకొని సొంతంగా బాలుర క్లబ్బులు నడిపాడు. పిల్లల పట్ల అతని తీరుపై ఫిర్యాదులు వస్తూ పోతూ ఉండగానే ఏళ్లు గడిచాయి. 1996 మార్చిలో డన్‌బ్లేన్ పాఠశాలలో 16 మంది పిల్లలను, ఒక ఉపాధ్యాయురాలిని కాల్చి చంపి తానూ కాల్చుకున్నాడు. ఆ ఘటన తుపాకుల చట్టాలను మార్చిందని అందరికీ తెలుసు. పిల్లల క్లబ్బులకు ఒక గుర్తింపు వ్యవస్థ ఉండాలని విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ సూచించిన సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. 2002లో ఇంగ్లండ్‌లోని సోహమ్ పట్టణంలో ఇద్దరు బాలికలను హత్య చేసినవాడు ఒక పాఠశాలలో కేర్‌టేకర్. అతనిపై అంతకుముందు వచ్చిన ఆరోపణలు ఒక ప్రాంతపు పోలీసులకు తెలిసినా, ఉద్యోగం ఇచ్చిన పాఠశాలకు చేరలేదు. బ్రిటన్‌లో పిల్లలతో పనిచేసేవారి పూర్వాపరాలను పరిశీలించే నేటి వ్యవస్థకు మూలం 2006లో వచ్చిన చట్టం.

అమెరికాలో కథ మరో రకం. అక్కడి బాయ్ స్కౌట్స్ సంస్థ పిల్లలను లైంగికంగా వేధించారన్న అనుమానం ఉన్నవారి పేర్లతో దశాబ్దాలపాటు రహస్య ఫైళ్లు నిర్వహించింది. తప్పించినవాడు మరో ఊరిలో మళ్లీ చేరకుండా చూడటమే వాటి ఉద్దేశం కాబట్టి ఆలోచన తప్పు కాదు. పలు సందర్భాల్లో పోలీసులకు, తల్లిదండ్రులకు చెప్పకుండా ఆ సమాచారాన్ని బీరువాలోనే ఉంచడం తప్పు. 2012లో కోర్టు ఆదేశంతో వేల పేజీలు బయటపడ్డాయి. 2020లో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేయగా 82 వేలకు పైగా బాధితులు పరిహారం కోరుతూ ముందుకు వచ్చారు. సంస్థ పరువు కాపాడటానికి దాచిన కాగితాలే చివరికి సంస్థను కోర్టు మెట్లెక్కించాయి.

మన దేశం విషయానికి వస్తే, గోవాలో అనాథ బాలుర కోసం గృహం నడిపి దాతగా పేరు పొందిన ఫ్రెడ్డీ పీట్స్ ఆ పిల్లలపై లైంగిక నేరాల కేసులో 1991లో అరెస్టయ్యాడు, 1996లో యావజ్జీవ శిక్ష పడింది. ఆ అనుభవం తర్వాతే గోవా 2003లో ప్రత్యేకంగా బాలల చట్టం తెచ్చుకుంది. ముంబయిలో వీధి బాలలకు ఆశ్రయ గృహాలు నడిపిన ఇద్దరు బ్రిటిష్ జాతీయులపై అలాంటి కేసే 2001లో బయటపడి, 2011లో సుప్రీంకోర్టు శిక్షను ఖరారు చేసేదాకా సాగింది. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రచురించిన అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12 వేలకు పైగా పిల్లలతో మాట్లాడింది. వారిలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామన్నారు. అలా చెప్పినవారిలో సగానికి పైగా మగపిల్లలు. నేరానికి పాల్పడినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకమైన స్థానంలో ఉన్నవారు. అప్పటి శిక్షాస్మృతిలో అత్యాచార నిర్వచనం మగపిల్లలకు వర్తించేదే కాదు.

ఆ లోటును 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం పూడ్చింది. నేరం గురించి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని, తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది వరకు జైలు పడుతుందని ఆ చట్టం చెప్పింది. 2020 నియమాలు మరో అడుగు ముందుకు వేసి, పాఠశాలలతోపాటు క్రీడా అకాడమీలు, పిల్లలు తరచుగా వచ్చే ఏ కేంద్రమైనా సరే, రెగ్యులర్, కాంట్రాక్టు అన్న తేడా లేకుండా సిబ్బంది అందరికీ నిర్ణీత కాలానికి ఒకసారి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని నిర్దేశించాయి. ఈ వెరిఫికేషన్‌ను కొందరు సర్వరోగ నివారిణిగా చూస్తారు. నాకు ఆ నమ్మకం లేదు. నమోదైన కేసులే అందులో తేలుతాయి. ఏ పెద్దవాడూ ఒక బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు, బాధ్యులు ఎప్పుడూ ఇద్దరు ఉండాలి అన్న నియమానికి పైసా ఖర్చు లేదు, కానీ వెరిఫికేషన్ కంటే ఎక్కువ రక్షణ ఇస్తుంది.

హైదరాబాద్‌లో ఏర్పాట్లు లేవనలేం. బాధితులకు వైద్యం, న్యాయ సహాయం ఒకేచోట అందించే భరోసా కేంద్రం 2016లో మొదలైంది. 2018లో అక్కడే పిల్లలకు భయం కలగని వాతావరణంలో ప్రత్యేక కోర్టు ఏర్పడింది. అయినా 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో నాలుగేళ్ల పాపపై ప్రిన్సిపాల్ దగ్గర డ్రైవర్‌గా పనిచేసే వ్యక్తి అఘాయిత్యానికి పాల్పడ్డాడని తెలిసి నగరం భగ్గుమంది. ప్రభుత్వం గుర్తింపు రద్దు చేసింది. మిగతా పిల్లల చదువు ఏమైపోవాలని తల్లిదండ్రులే మొరపెట్టుకోవడంతో బడిని ఆ ఏడాదికి కొనసాగనిచ్చింది. నిందితుడికి 2023 ఏప్రిల్‌లో 20 ఏళ్ల శిక్ష పడింది.

బడికి గుర్తింపు ఉంటుంది కాబట్టి దాన్ని రద్దు చేయగలిగారు. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నడిచే కరాటే క్లాసుకు, శనాదివారాల క్రికెట్ నెట్స్‌కు రద్దు చేయడానికి ఏముంటుంది? 2024 ఆగస్టులో తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఒక ప్రైవేటు బడి ఆవరణలోనే అనుమతి లేకుండా ఎన్‌సీసీ పేరుతో శిబిరం పెట్టారు. అక్కడ 13 ఏళ్ల బాలికపై శిక్షకుడే అఘాయిత్యం చేశాడని, విషయం బయటికి పొక్కకుండా చూశారని ప్రిన్సిపాల్‌తో సహా పలువురిని అరెస్టు చేశారు. యూనిఫాం చూశాక ఎవరూ అనుమతి పత్రం అడగలేదు.

లైంగిక నేరాల్లో శిక్ష పడినవారి వివరాలతో కేంద్రం 2018 సెప్టెంబరులో జాతీయ డేటాబేస్ ప్రారంభించింది. అది పోలీసులకు, దర్యాప్తు సంస్థలకే అందుబాటులో ఉంటుంది. క్యాంపు నిర్వాహకులు చూడలేరు. పైగా, పరువు పోతుందని కేసు పెట్టకుండా రాజీనామా లేఖ రాయించుకొని గుట్టుగా పంపించిన వ్యక్తి పేరు ఏ డేటాబేస్‌లోకీ ఎక్కదు. మరో పేటలో మరో అకాడమీ తలుపు తట్టేటప్పుడు అతని చేతిలో ఉండేది పాత సంస్థ ఇచ్చిన అనుభవ ధ్రువపత్రం.