ధవళేశ్వరం కొండ: ఆనకట్టకు రాయిచ్చిన చోటు

వానాకాలం వచ్చిందంటే గోదారి డెల్టా చెవులన్నీ ధవళేశ్వరం మీదే. అక్కడి బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో ఈ అంకెలే చెబుతాయి. రాజమండ్రితో వీధులు కలిసిపోయిన ఈ ఊరిని నగరపాలక సంస్థలో కలపాలన్న మాట చాన్నాళ్లుగా నలుగుతోంది. ఇంటిపన్ను పెరుగుతుందా, ఉపాధి పనులు పోతాయా అని వాదులాడుకుంటారు గానీ, ఊళ్లో కొండ ఊసు పెద్దగా రాదు. ఊరికి ఇంత పేరు రావడంలో ఆ కొండకు సగం వాటా ఉంది.

కోనసీమలో రాయంటే కొనుక్కొచ్చే వస్తువు. పునాదికైనా, ఏటిగట్టుకైనా లారీలో రావాల్సిందే. తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసుక. ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి బల్లపరుపు నేల మీద సముద్రానికి పోతుంది. మెట్టకూ పల్లానికీ సరిహద్దు ఇక్కడే. చుట్టుపక్కల మెట్టల్లో కనిపించే ఇసుకరాయికి భూగర్భ శాస్త్రంలో రాజమండ్రి పేరే పెట్టారు. ఎప్పుడో నదులు తెచ్చి పోసిన ఇసుకే గట్టిపడి అలా రాయయింది. కాతేరు వైపు దాని కింద నల్లటి బసాల్టు ఉంటుంది. సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నుంచి పారొచ్చిన లావా అది అని శాస్త్రజ్ఞుల అంచనా. గోదారి కంటే ముందు ఆ దిక్కు నుంచి నిప్పు వచ్చిందన్నమాట.

1830ల కరువులు, 1839 నాటి కోరంగి ఉప్పెన రాజమండ్రి జిల్లాను కుంగదీశాయి. నది పక్కనే పారుతున్నా చేలకు నీళ్లెక్కని రోజులవి. ఆర్థర్ కాటన్ ఆనకట్టకు ధవళేశ్వరాన్ని ఎంచుకోవడంలో లెక్క ఉంది. నది ఇక్కడ బాగా వెడల్పే, కానీ మధ్యలో లంకలుండటంతో కట్టాల్సింది సుమారు మూడున్నర కిలోమీటర్లే. పైగా రాయి చేతికందే దూరంలో ఉంది. ఇసుకలో పునాది వేసే కిటుకు ఆయన కావేరి మీద చోళులు కట్టిన కల్లణై ఆనకట్టను చూసి నేర్చుకున్నాడు. కట్ట దిగువన విడిరాళ్లు పరుస్తారు. వరద అడుగు ఇసుకను కోసుకుపోతే ఆ రాళ్లు గుంతలోకి దిగి సర్దుకుంటాయి, పైన మళ్లీ పోయాలి. ఇలాంటి పనికి రాయి బండ్ల లెక్కన చాలదు, కొండల లెక్కన కావాలి.

అందుకే కొండను తొలిచి, రాయిని తరలించడానికి పట్టాలు వేశారు. 1853లో బొంబాయి–ఠాణా మధ్య ప్రయాణికుల రైలు నడవక ముందే గోదారి ఒడ్డున రాళ్ల బండ్లు పట్టాల మీద నడిచాయి. ఇంకో ఊరైతే ఈ ముక్కను స్టేషను గోడ మీద రాసుకునేది! 1847లో మొదలైన పని 1852కి పూర్తయింది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. 1970లో పని మొదలుపెట్టి 1982 నాటికి కట్టిన 175 గేట్ల బ్యారేజీ ఇప్పుడు ఆ పని చేస్తోంది.

తవ్వగా మిగిలిన కొండ మీద లక్ష్మీ జనార్దనస్వామి ఉన్నాడు. నవ జనార్దనాలనే తొమ్మిది విష్ణు ఆలయాల్లో మొదటిది ఇదే. తర్వాత మడికి, జొన్నాడ, ఆలమూరు మీదుగా కోటిపల్లి దాకా మిగతా ఎనిమిదీ పల్లపు ఊళ్లలోనే. తొమ్మిదింటినీ నారదుడు ప్రతిష్ఠించాడని చెప్పుకుంటారు.

డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. ఆయనకు రాయిచ్చిన కొండ చుట్టూ మాత్రం ఇళ్లు. విలీనం ఫైలు మళ్లీ కదిలితే, మాస్టర్ ప్లాన్ మ్యాపులో ఆ కొండకు ఏ రంగు వేస్తున్నారో పన్నుల కంటే ముందు అడగాలి.