మాక్‌బెత్ నిద్రను చంపాడు

అర్ధరాత్రి దాటింది. డన్సినేన్ కోటలో ఒక వైద్యుడు, రాణిగారి పరిచారిక ఓ మూల ఒదిగి నిలబడి చూస్తున్నారు. రెండు రాత్రులు నీతో పాటు కాపలా కాశాను, నువ్వు చెప్పినదేమీ నాకు కనబడలేదు అని వైద్యుడు అన్న కాసేపటికే రాణి చేతిలో దీపంతో వస్తుంది. "కళ్లు తెరిచే ఉన్నాయి చూడు" అంటాడు వైద్యుడు. "తెరిచే ఉన్నాయి, చూపే మూసుకుపోయింది" అంటుంది పరిచారిక. రాణి చేతులు రుద్దుకోవడం మొదలుపెడుతుంది. ఇలా పావుగంట సేపు రుద్దుకోవడం కూడా చూశానంటుంది పరిచారిక. రాణి నోట వచ్చిన మాటలు తర్వాత మరిచిపోకుండా ఉండాలని వైద్యుడు రాసుకుంటాడు.

ఇది షేక్‌స్పియర్ 1606 ప్రాంతంలో రాసిన మాక్‌బెత్ నాటకం, ఐదో అంకం, మొదటి రంగం. నిద్ర గురించి ఇవాళ మనకు తెలిసిన సంగతులు గుర్తుంచుకుని ఈ రంగం చదివితే ఒళ్లు జలదరిస్తుంది. నిద్రలో నడిచేవాళ్ల కళ్లు నిజంగానే తెరిచి ఉంటాయి. కలలో కొట్లాడుతూ మంచం మీంచి ఎగిరిపడేవాళ్ల జబ్బు వేరే ఉంది, దాన్ని అమెరికాలో మినియాపోలిస్ వైద్యులు 1986లో వివరించారు, అందులో కళ్లు సాధారణంగా మూసుకునే ఉంటాయి. నిద్రనడక అలాంటిది కాదు. అది గాఢనిద్రలోంచి, ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో వస్తుంది. మెదడంతా ఒకేసారి పడుకుని ఒకేసారి లేస్తుందని మనం అనుకుంటాం గానీ, కొన్ని భాగాలు మేలుకున్నప్పుడు కొన్ని ఇంకా నిద్రలోనే ఉండొచ్చు. కాళ్లూ చేతులూ ఆడించే భాగాలు లేస్తాయి, నేనెక్కడున్నాను, ఏం మాట్లాడుతున్నాను, ఎవరు వింటున్నారు అని చూసుకునే ముందు భాగం లేవదు. 2000లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒక కుర్రవాడు నిద్రలో లేచి తిరుగుతుండగా మందు ఎక్కించి, తర్వాత మెదడు స్కాన్ తీసి ఈ సగం మెలకువను చూడగలిగారు. పగలంతా నోరు కట్టేసుకున్న రాణి రాత్రిపూట అన్నీ బయటపెట్టేయడానికి ఇంతకంటే సరైన దారి లేదు. కాపలా కాసేవాడే పడుకున్నాడు.

ఈ నిద్రనడకను ఎక్కువ చేసేది ఏమిటో తెలుసా? నిద్ర లేకపోవడమే. మాంట్రియల్‌లో 2008లో చేసిన ఒక పరిశోధనలో నిద్రనడక ఉన్నవాళ్లను 25 గంటలు మేలుకోబెట్టి ఆ తర్వాత పడుకోనిస్తే, వాళ్లు లేచి తిరగడం ఎక్కువైంది. కంటి మీద కునుకు లేనివాళ్లకు చివరికి నిద్ర పట్టినా, ఆ నిద్ర కూడా వాళ్ల మాట వినదు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్కాట్లాండ్ సేనాని మాక్‌బెత్‌కు ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై నువ్వు రాజువవుతావని చెబుతారు. అతను తటపటాయిస్తుంటే భార్య, అంటే పైన చూసిన రాణే, ఎగదోస్తుంది. తన ఇంటికి అతిథిగా వచ్చిన డంకన్ రాజును నిద్రలోనే పొడిచి చంపుతాడు. ఆ తర్వాత స్నేహితుడు బాంక్వోను, ఆ పైన మాక్‌డఫ్ అనే ప్రభువు భార్యనూ పిల్లల్నీ చంపిస్తాడు.

హత్య జరిగిన ఆ మొదటి రాత్రి భార్యాభర్తలిద్దరి చేతులూ రక్తంతో తడిసి ఉన్నాయి. అతనికి ఒక గొంతు వినబడిందట, ఇక నిద్ర లేదు, మాక్‌బెత్ నిద్రను చంపేశాడు అని. సముద్రంలో ఉన్న నీళ్లన్నీ కలిసినా ఈ చేతిని కడగలేవు, ఈ చెయ్యే సముద్రాన్ని ఎర్రగా మార్చేస్తుంది అంటాడు. ఆమె మాత్రం కాసిని నీళ్లు పోస్తే పోతుంది అంటుంది. నాటకం చివరికొచ్చేసరికి అరేబియా అత్తర్లన్నీ పోసినా ఈ చిన్న చెయ్యి బాగుపడదని నిద్రలో ఏడ్చేది ఆమె. వణికిపోయినవాడు రాయిలా మారాడు, రాయిలా ఉన్నామె కరిగిపోయింది. ఒకే నేరం ఇద్దరినీ రెండు వ్యతిరేక దిక్కుల్లోకి ఎందుకు తోసింది? నాకు ఈ నాటకంలో అసలు ప్రశ్న ఇదే.

ముందు చేతుల సంగతి. తప్పును మురికిగా, నిర్దోషిత్వాన్ని కడగడంగా చూడటం మనకు కొత్త కాదు. నింద తొలగినవాడు కడిగిన ముత్యంలా బయటపడ్డాడంటాం, పాపాలు పోతాయని పుష్కరాల్లో మునుగుతాం. 2006లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, తాము చేసిన చెడ్డ పని గుర్తుచేసుకున్నవాళ్లకు చేతులు తుడుచుకునే క్రిమినాశక కాగితమో పెన్సిలో కానుకగా తీసుకోమంటే దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆ కాగితమే తీసుకున్నారని, మంచి పని గుర్తుచేసుకున్నవాళ్లలో మూడోవంతు మందే దాన్ని తీసుకున్నారని. దీనికి మాక్‌బెత్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు, పత్రికలు ఎగరేసుకుపోయాయి. అయితే అదే పరిశోధనలోని ఇంకో ప్రయోగాన్ని 2014లో మరికొందరు అమెరికాలో, బ్రిటన్‌లో, మన దేశంలో కూడా ఎక్కువమందితో మళ్లీ చేసి చూశారు. ఎక్కడా ఆ ఫలితం రాలేదు. కాబట్టి తప్పు చేసిన ప్రతివాడికీ సబ్బు మీద మనసు పోతుందని చెప్పలేం.

నా ఉద్దేశంలో రాణి పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉన్నది వేరే ఉంది. మానసిక వైద్యుల దగ్గరకు చేతులు పదేపదే కడుక్కునే జబ్బుతో వచ్చేవాళ్లలో కొందరు మురికి దేన్నీ ముట్టుకోకుండానే లోపలినుంచి మైలపడినట్టు బాధపడతారు. ఒక జ్ఞాపకం చాలు. స్టాన్లీ రాక్‌మన్ అనే మనస్తత్వవేత్త దీన్ని మానసిక మాలిన్యం అన్నాడు. ఎంత కడిగినా పోకపోవడం దాని లక్షణం, ఎందుకంటే మరక చేతి మీద లేదు. ఆ రాత్రి రాణి చేతుల మీద రక్తం లేదు, దగ్గర నీళ్లు కూడా లేవు.

తప్పు చేశానన్న బాధకు మనుషుల్లో ఒక ఉపయోగం ఉంది. సిగ్గు మనిషిని దాక్కోమంటుంది. తప్పు చేశానన్న బాధ మాత్రం వెళ్లి చక్కదిద్దమని, క్షమాపణ అడగమని, తీసుకున్నది ఇచ్చేయమని తోస్తుంది. ఈ తేడా మీద జూన్ టాంగ్నీ అనే మనస్తత్వవేత్త చాలా ఏళ్లు పనిచేసింది. మరి చచ్చిపోయినవాడికి ఏం తిరిగిస్తారు? మూడో అంకంలో భర్తకు ధైర్యం చెబుతూ అయిపోయిందేదో అయిపోయింది అన్న మనిషే, ఐదో అంకంలో నిద్రలో, అయిపోయినదాన్ని మళ్లీ కాకుండా చేయలేం అంటుంది. దాదాపు అవే మాటలు. మొదటిసారి ఓదార్పు, రెండోసారి శిక్ష.

ఇంతా చేసి సింహాసనం దక్కిన తర్వాతైనా వాళ్లు సుఖపడ్డారా అంటే, లేదు. అంతా ఖర్చయిపోయింది, కోరుకున్నది దొరికినా తృప్తి లేకపోతే దక్కిందేమీ లేదు అని ఆమే ఒంటరిగా అనుకుంటుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన పని ఇక్కడ గుర్తొస్తుంది. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని దాదాపు పూర్తిగా తీసేసిన ఎలుకలు తిండి కోసం కదలవు, కానీ నోట్లో తీపి వేస్తే ఆస్వాదిస్తున్న గుర్తులు మూతి మీద అలాగే కనబడతాయి. అంటే కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు, మెదడులో వాటి దారులే వేరు. ఎంతగా కావాలనిపించిందన్నదాన్ని బట్టి అందిన తర్వాత ఎంత బాగుంటుందో చెప్పలేం. పదవీకాంక్షకు ఇంత సూటిగా సరిపోయే సంగతి నాకు ఇంకోటి కనబడలేదు.

ఇక మాక్‌బెత్. విందులో బాంక్వో దయ్యం తన కుర్చీలో కూర్చున్నట్టు చూసి అందరి ముందూ అరుస్తాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడగకముందే నేను చేశానని నువ్వనలేవు అంటాడు. మీకు నిద్ర చాలడం లేదు అంటుంది భార్య, ఆ మాటలో నిజముంది. 2007లో చేసిన ఒక పరిశోధనలో సుమారు 35 గంటలు నిద్రలేనివాళ్లకు భయపెట్టే బొమ్మలు చూపిస్తే, భయాన్ని పసిగట్టే అమిగ్డాల అనే భాగం 60 శాతానికి పైగా ఎక్కువగా స్పందించింది. నిద్రలేమి మరీ రోజుల తరబడి సాగితే లేనివి కనబడటం కూడా మొదలవుతుంది.

కానీ ఆ రంగం చివర్లో అతనన్న మాట వినండి. ఇదంతా కొత్తలో ఉండే భయం, అలవాటు పడాలి, ఈ పనిలో మనమింకా పసివాళ్లం. ఎంత భయంకరమైన మాట! 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కొందరిని స్కానర్‌లో పడుకోబెట్టి, సీసాలో ఎన్ని చిల్లర నాణేలున్నాయో తోటివాడికి చెప్పే ఆట ఆడించారు. అబద్ధం చెబితే తమకు లాభం. మొదట చిన్నగా మొదలైన అబద్ధాలు ఆట సాగేకొద్దీ పెద్దవయ్యాయి, ఒక్కో అబద్ధానికి అమిగ్డాల స్పందన తగ్గుతూ వచ్చింది, ఎంత ఎక్కువ తగ్గితే తర్వాతి అబద్ధం అంత పెద్దది. నాణేల ఆటకూ హత్యకూ మధ్య చాలా దూరముంది, నిజమే. అయినా ఆ జారుడు దారి మాత్రం ఇదే. మాక్‌బెత్ మళ్లీ మళ్లీ చేస్తూ మొద్దుబారాడు. మొదటి రాత్రి తర్వాత రాణి చేయడానికి ఏమీ మిగల్లేదు. బాంక్వో సంగతి కూడా భర్త ఆమెకు ముందుగా చెప్పలేదు. ఆమెకు మిగిలింది ఆ ఒక్క రాత్రి, పక్కన ఎప్పుడూ ఆరకుండా ఉండాలని ఆమె ఆజ్ఞాపించిన ఒక దీపం.

చరిత్రలోని మాక్‌బెత్ ఇలాంటివాడు కాదని కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1040లో డంకన్ చనిపోయింది మంచం మీద కాదు, యుద్ధంలో. మాక్‌బెత్ 1057 దాకా, అంటే 17 ఏళ్లు పాలించాడు, 1050లో రోముకు యాత్ర వెళ్లి పేదలకు డబ్బు వెదజల్లాడు. షేక్‌స్పియర్ హోలిన్‌షెడ్ చరిత్ర గ్రంథం చదివి, అందులో వేరే రాజులకు జరిగిన సంగతులు తెచ్చి ఇతనికి అతికించాడు. అతిథిగా ఉన్న రాజును నిద్రలో చంపించడం డఫ్ రాజు కథ. నేరం చేసిన తర్వాత రాత్రిపూట గొంతు వినబడి నిద్ర పట్టకపోవడం కెనెత్ రాజు కథ. అంత పెద్ద పుస్తకంలోంచి వెతికి మరీ ఆ నిద్రలేని రాత్రిని తెచ్చి నాటకం మొత్తం దాని మీద కట్టాడు, నాకు అతని గొప్పతనం అక్కడే కనబడుతుంది.

వైద్యుడి దగ్గరకే మళ్లీ వెళ్దాం. ఈ జబ్బు నా చేతిలో లేదని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా వెళ్లేముందు పరిచారికకు రెండు మాటలు చెప్పాడు, తనకు తాను హాని చేసుకోగల వస్తువులన్నీ ఆమె దగ్గర్నుంచి తీసేయి, ఆమె మీంచి చూపు మరల్చకు అని. ప్రాణం తీసుకునే ప్రమాదంలో ఉన్న మనిషి విషయంలో ఇవాళ్టి ఆసుపత్రుల్లో డాక్టర్లు మొట్టమొదట చెప్పేదీ ఇదే.

అయినా ఆమె దక్కలేదు. లోపలినుంచి ఆడవాళ్ల ఏడుపు వినబడుతుంది. ఆ చప్పుడేంటి అని అడుగుతాడు మాక్‌బెత్. డంకన్‌ను చంపిన రాత్రి తలుపు తట్టిన చప్పుడుకే అదిరిపడి, చిన్న అలికిడికి కూడా నాకెందుకింత భయం అనుకున్న మనిషి అతను. ఇప్పుడు నిలబడి ఆలోచిస్తాడు, రాత్రిపూట అరుపు వింటే ఒళ్లు చల్లబడిపోయే రోజులు ఒకప్పుడు నాకూ ఉండేవి, భయం రుచి ఎలా ఉంటుందో దాదాపు మరిచిపోయాను అని.