సెలియాక్ పిల్లలు, మంచి బ్యాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

పిల్లలకు డైట్ రాసిచ్చే పని నాది. సెలియాక్ (గోధుమ తింటే పేగు దెబ్బతినే జబ్బు) అని తేలిన పిల్లల అమ్మానాన్నలు ఈమధ్య అడిగేది ఒకటే: "మేడం, పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగితే మళ్ళీ గోధుమ పెట్టొచ్చట కదా?" వాట్సాప్‌లో వచ్చిందంటారు.

పెట్టకూడదు. ప్రోబయోటిక్ సాషేలు వాడినా, పూటకో గిన్నె పెరుగు తిన్నా సరే. ఇది బ్యాక్టీరియా తగ్గి వచ్చిన అజీర్తి కాదు. డీక్యూ2, డీక్యూ8 జన్యువులున్న కొందరు పిల్లల్లో, గోధుమ, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికి వెళ్తే రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. తిన్నది పీల్చుకునే ఆంత్రచూషకాలు అరిగిపోతాయి. ఏ బ్యాక్టీరియా వచ్చినా ఆ జన్యువులు మారవు.

ఈ పిల్లల పేగుల్లో బ్యాక్టీరియా వేరుగా ఉంటుందన్నది మాత్రం నిజమే. అయితే అది జబ్బుకు కారణమా, జబ్బు వల్ల వచ్చిందా అన్నది ఇంకా తేలలేదు. పైగా గ్లూటెన్ మానేసినా బ్యాక్టీరియా మారుతుంది. 2009లో స్పెయిన్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 10 మంది పెద్దవాళ్ళకు నెల రోజులు గ్లూటెన్ లేని తిండి పెడితే, వాళ్ళలో బిఫిడోబ్యాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియా తగ్గింది. గోధుమతో వచ్చే పీచు తగ్గిపోవడం దీనికి ముఖ్య కారణమనుకోవచ్చు. ఈ ముక్క సగం విని, "అందుకే అప్పుడప్పుడూ ఒక చపాతీ పెట్టాలి" అని సలహా ఇచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక చపాతీలో రెండు గ్రాములకు పైనే గ్లూటెన్ ఉంటుంది. సెలియాక్ ఉన్న పెద్దవాళ్ళు రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తిన్నా పేగు దెబ్బతింటుందని పరిశోధనలో తేలింది. అంటే చపాతీలో నలభయ్యో వంతు. "తిన్నాక విరేచనాలేం కాలేదు కదా" అంటారు. కాకపోవచ్చు. లోపల పేగు అరుగుతూనే ఉంటుంది. ఎత్తు పెరగడం ఆగిపోవచ్చు, ఐరన్ సిరప్ ఎంత పోసినా హిమోగ్లోబిన్ కదలకపోవచ్చు.

ఒక నానమ్మ మనవరాలిని తీసుకొచ్చింది. రక్తపరీక్షలో తగ్గిన టీటీజీ (సెలియాక్‌ను పట్టిచ్చే యాంటీబాడీ) మళ్ళీ పెరిగింది. ఇంట్లో గోధుమ పిండే లేదు, బిస్కెట్ లేదు. బ్యాక్టీరియా కోసమని ఖరీదైన సాషేలు కూడా వాడుతున్నారు. జొన్న పిండి ఎక్కడ ఆడిస్తున్నారని అడిగితే, వీధి చివర పిండి మర అంది. ఆ మరలో వీళ్ళ జొన్నల కంటే ముందు ఎవరివో గోధుమలు పడతాయి. ఇంగువ డబ్బా తెప్పించి వెనక చదివిస్తే అందులోనూ గోధుమ పిండి. ఆమె ముఖం చిన్నబోయింది. పొద్దున్నే లేచి పిల్ల కోసం జొన్న రొట్టెలు చేసే మనిషిని ఏమనగలం? ఇంట్లోనే మిక్సీలో పట్టుకోమని, సాషేల డబ్బుతో పండ్లు కొనమని చెప్పాను.

బ్యాక్టీరియా బాగుండాలంటే దానికి మేత పడాలి. జొన్న, రాగి, కొర్ర, పప్పులు, శనగలు, ఆకుకూరలు పెట్టండి. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉన్న బిస్కెట్లలో చాలావాటికి పీచు తక్కువ, చక్కెర ఎక్కువ. పెరుగు అన్నంలోకి వేయండి, మందు అనుకుని కాదు. మొదట్లో పాలు పడకపోతే టెన్షన్ వద్దు, పేగు కోలుకున్నాక చాలామందికి పడతాయి.

ఇక మిగతావి. "ముందు గోధుమ మానేసి చూద్దాం, టెస్ట్ తర్వాత" అనకండి. మానేస్తే టీటీజీ తగ్గి జబ్బున్నా రిపోర్ట్ నార్మల్ అని రావచ్చు. "మనం అన్నం తినేవాళ్ళం, మనకు రాదు": ఉత్తరాది కంటే ఇక్కడ తక్కువే గానీ లేకపోలేదు. తోబుట్టువులకూ టెస్ట్ చేయించండి. "పులిస్తే గ్లూటెన్ పోతుంది": నాన్, బ్రెడ్ పులిసినవే కదా! ఇడ్లీ రవ్వ బియ్యంది, పర్వాలేదు. బొంబాయి రవ్వ గోధుమది. మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. సెలియాక్ లేని పిల్లలకు ఈ డైట్ అక్కర్లేదు.

పెళ్ళిలో పులిహోర బియ్యమే కదా అని వడ్డించేయకండి, తాలింపులో ఏ ఇంగువ వేశారో వంటవాళ్ళను అడగండి.