ఎలెన్ మెడలో ఉన్నది పసుపు బ్యాడ్జీ కాదు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో చదువుకునే మన పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ చెప్తాను. లోయిస్ లౌరీ నవల 'నంబర్ ది స్టార్స్' మొదలైందంటే ఒకే తప్పు మళ్లీ మళ్లీ వస్తుంది. నాజీ జర్మనీ ఆక్రమించిన డెన్మార్క్‌లో ఎలెన్ అనే యూదు అమ్మాయి, ఆమె స్నేహితురాలు ఆన్‌మరీల కథ ఇది. పోయిన స్వేచ్ఛకు గుర్తులేమిటో రాయమంటే, "నాజీలు ఎలెన్ చేత నక్షత్రం వేయించారు" అని మొదలుపెడతారు. తర్వాత రాసేదంతా దాని మీదే నిలబడుతుంది కాబట్టి ఆన్సరు మొత్తం పక్కకు పోతుంది.

అపోహ: ఆ నక్షత్రం నాజీలు పెట్టించిన గుర్తు.

వాస్తవం: కానే కాదు. జర్మనీలో 1941 సెప్టెంబరు నుంచి ఆరేళ్లు నిండిన యూదులందరూ బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాల్సి వచ్చింది. డెన్మార్క్‌లో ఆ ఉత్తర్వు ఎప్పుడూ అమలు కాలేదు. కథ జరిగేది 1943లో, కోపెన్‌హాగన్‌లో. ఎలెన్ మెడలో ఉన్నది ఎప్పుడూ తీయని సన్నటి బంగారు గొలుసు, దానికి యూదుల మతచిహ్నమైన డేవిడ్ నక్షత్రం. మన పిల్లల మెడలో వెంకన్న డాలరు ఉన్నట్టే. రాత్రివేళ యూదుల కోసం వెతుకుతూ సైనికులు ఆన్‌మరీ ఇంట్లోకి వచ్చినప్పుడు, అక్కడే దాక్కున్న ఎలెన్ గొలుసు కొక్కెం ఊడి రాదు. ఆన్‌మరీ దాన్ని లాగి తెంపి గుప్పిట్లో దాస్తుంది. ఇష్టంగా వేసుకున్నదాన్ని ప్రాణభయంతో తీసేయాల్సి రావడం, ఇక్కడ పోయిన స్వేచ్ఛ అదీ.

ఈమధ్య ఒక పాపకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి, "నీ డాలరు గుప్పిట్లో గట్టిగా పట్టుకోమ్మా, నేను చెప్పేదాకా వదలొద్దు" అని, సైనికులు వచ్చి వెళ్లే పేజీలు నేనే చదివాను. అయ్యాక చెయ్యి తెరిచి కెమెరా ముందు పెట్టింది. అరచేతిలో డాలరు అంచు ఎర్రగా దిగబడి ఉంది. నవల్లో ఆన్‌మరీ అరచేతిలోనూ నక్షత్రం అలాగే అచ్చు పడుతుంది. పాప కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత మొదటి వాక్యం తనే కొట్టేసింది.

అపోహ: డెన్మార్క్ రాజు కూడా పసుపు నక్షత్రం పెట్టుకున్నాడు.

వాస్తవం: పుకారు. దయచేసి ఫార్వర్డ్ చేయకండి. పదవ క్రిస్టియన్ రాజు రోజూ గుర్రం మీద ఊళ్లో ఒంటరిగా తిరిగిన మాట మాత్రం నిజం.

అపోహ: ముళ్లకంచె, క్యాంపు లేకపోతే గుర్తులే లేనట్టు.

వాస్తవం: ఈ కథ నాజీల నిర్బంధ క్యాంపులోకి వెళ్లదు. గుర్తులు ఇంట్లోనే ఉన్నాయి. దొరకని వెన్న, చేప చర్మంతో చేసిన బూట్లు చూడండి. 1943 ఆగస్టులో డెన్మార్క్ నౌకాదళం జర్మన్ల చేతికి చిక్కకూడదని తన ఓడలను తనే ముంచేస్తే, ఆ మంటలను చూపించి ఆన్‌మరీ అమ్మ చిన్నకూతురు కిర్‌స్టీకి నీ పుట్టినరోజు బాణసంచా అని చెప్తుంది.

"పదేళ్ల పిల్లకి ఇదంతా అవసరమా మేడమ్, రాత్రి భయపడదా?" అని తల్లులు అడుగుతారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. చావులు ఉన్నాయి, కానీ కళ్ల ముందు జరగవు. చివరి అధ్యాయం మాత్రం పక్కన కూర్చుని చదవండి. చనిపోయిన అక్క పెట్టెలో, పసుపు గౌను జేబులో దాచిన గొలుసును ఆన్‌మరీ బయటికి తీసి, బాగుచేయగలవా అని నాన్నను అడుగుతుంది. దేశం దాటి తప్పించుకున్న ఎలెన్ తిరిగొచ్చేదాకా తనే వేసుకుంటానంటుంది.