గుండెకు ఆపరేషన్ అయితే ఆయాసం ఎందుకు?

తిరుపతి

చిన్నా, బుజ్జీ,

"గుండెకు కదా బైపాస్ చేశారు, ఆయాసం ఎందుకు తాతా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. నాలుగు మాటలకే ఊపిరి అందక జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

అలిపిరి మెట్లెక్కి గాలిగోపురం చేరేసరికి మీరెంత రొప్పారో గుర్తుందా? మొదటి వారం నాకు మంచం నుంచి బాత్రూం దాకా నడిస్తేనే అంత ఆయాసం.

గుండె దగ్గరికి వెళ్లడానికి రొమ్ము ఎముకను నిలువునా కోస్తారు, తర్వాత స్టీలు తీగలతో బిగిస్తారు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకలతో పాటు ఆ ఎముకా కదులుతుంది. నొప్పికి భయపడి పైపైనే పీలుస్తాం. మత్తులో గంటల తరబడి వెల్లకిలా ఉన్నప్పుడే ఊపిరితిత్తుల్లో కొన్ని గాలి గదులు ముడుచుకుపోయి ఉంటాయి. పైపై ఊపిరికి అవి తెరుచుకోవు. అక్కడ కళ్లె చేరుతుంది. దగ్గి బయటికి తీయకపోతే న్యుమోనియా రావచ్చు. మొదటి రోజుల్లో నిండుగా పీల్చి వదలగలిగే గాలి ముందున్నదాంట్లో సగానికి పడిపోవచ్చట. తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఊపిరి కసరత్తుకు ఆసుపత్రిలో మూడు బంతుల డబ్బా అందుకే ఇచ్చారు. బుజ్జీ, నువ్వు దాన్ని ఊదావు. అది పీల్చేదమ్మా. నెమ్మదిగా పీల్చి, బంతి లేచాక కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టాలి. ముడుచుకున్న గదులు విచ్చుకునేది అప్పుడే. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు చేయమని నర్సమ్మ చెప్పింది. మొదటిరోజు ఒక్క బంతీ కదల్లేదు. నిన్న రెండు లేచాయి, మూడోది వణికింది! మీ అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఒక తప్పు చేశాను. నొప్పి ఓర్చుకోవడమే ధైర్యమనుకుని రెండు రోజులు మాత్రలు వద్దన్నాను. నొప్పి తగ్గితేనే గట్టిగా దగ్గగలమని, లోతుగా పీల్చగలమని డాక్టరు విడమరిచి చెప్పాక వేసుకున్నాను. ఇప్పుడు దిండును రొమ్ముకు అదుముకుని దగ్గుతున్నాను, కుట్ల దగ్గర అంత లాగడం లేదు. పొద్దున, సాయంత్రం వీధి చివరి వేపచెట్టు దాకా నడుస్తున్నాను.

ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. సెలవులకు వచ్చినప్పుడు పరుగున వచ్చి మీద పడకండి. పక్కన కూర్చుని బంతులు లెక్కపెట్టండి.

మీ తాత