బారసాల బొంత: అపోహలు, వాస్తవాలు, ఒక బకెట్ నీళ్లు

మొన్న చీపురుపల్లి నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఎల్లుండి మేనల్లుడి బారసాలట. చేతిలో కవరు, కవర్లో గంటస్తంభం దగ్గర అప్పుడే కొన్న కటపీసులు, బిల్లు కూడా ఇంకా తీయలేదు. "అప్పా, రేపు సాయంత్రానికి బొంత అవుతాదా?" అంది (మా వైపు అక్కని అప్ప అంటాం). అవుతుందమ్మా, ముందు ఇవి తడపాలి అన్నాను. "కొత్త గుడ్డ నీళ్లలో ముంచేస్తే ఇంకేటి కొత్తది?" అని మొహం చిన్నబుచ్చుకుంది. విజయనగరంలో పన్నెండేళ్లుగా మిషను తొక్కుతున్నాను, ఈ మాట నెలకి రెండుసార్లైనా వింటాను. అందుకే రాస్తున్నాను, చదివి నలుగురికీ చెప్పండి.

అపోహ: తొందరగా ఉంటే తడపడం మానేయొచ్చు.

మానేయకూడదు. పైపింగ్ మానేయండి, డిజైను మానేయండి, పేరు కుట్టడం మానేయండి, ఇది మాత్రం వద్దు. కొత్త గుడ్డలో మీరు మురిసిపోయే ఆ పెళపెళ గంజిది. కాటన్ మొదటి ఉతుకులో మామూలుగా 3 నుంచి 5 శాతం ముడుచుకుంటుంది. 5 అంగుళాల ముక్కలు వరసకి 8 చొప్పున 8 వరసలు, ముక్కకి ప్రతి వైపూ పావు అంగుళం కుట్టులో పోతే 36 అంగుళాల బొంత వస్తుంది కదా, అందులో 5 శాతం అంటే దాదాపు 2 అంగుళాలు పోయినట్టే. అది కూడా అంతా ఒకేలా పోతే బాధ లేదు. పల్చటి మల్ గుడ్డ ఒకలా ముడుచుకుంటుంది, కాస్త ఒత్తు నేత కాంబ్రిక్ గుడ్డ ఇంకోలా, మధ్యలో వేసిన పాలిస్టర్ షీటు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, ఇక 64 ముక్కలూ వేయించిన అప్పడంలా తలో వైపు లేస్తాయి. అప్పుడు ఇస్త్రీ పెట్టె ఎంత రుద్దినా లాభం లేదు.

రంగు సంగతి ఇంకా ఘోరం. ఎవరిదో ఎందుకు, నాదే చెబుతాను. మిషను కొన్న కొత్తలో మా మేనకోడలికి తెల్ల గుడ్డ మీద ముదురు ఎరుపు అంచు వేసి బొంత కుట్టాను. బస్సు టైమైపోతోందని తడపలేదు. మా వదిన అందరికీ చూపించి మురిసిపోయింది. పసిపిల్ల బొంత రెండో రోజుకే ఉతుక్కి వస్తుంది కదా, వచ్చింది, తెలుపంతా కుంకం నీళ్లు ఒలికినట్టు అయిపోయింది. వదిన నన్ను ఒక్క మాటా అనలేదు. మడత పెట్టి పెట్టెలో అడుగున పెట్టేసింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఉప్పేస్తే రంగు నిలబడిపోతుందని ఒక పుకారు ఉంది, ఎవరు మొదలుపెట్టారో గానీ. గుడ్డకి రంగు అద్దేటప్పుడు ఆ తొట్టిలో ఉప్పుకి పని ఉంటుంది. రంగు అద్దేసి కొట్టుకి వచ్చిన గుడ్డని మీరు ఇంట్లో ఉప్పు నీళ్లలో ముంచినా, వెనిగర్‌లో ముంచినా పోయే రంగు పోతూనే ఉంటుంది. ఎరుపు, నీలం, నలుపు ముక్కల్ని విడివిడిగా గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి పిండండి. తడిగా ఉన్నప్పుడే తెల్ల జేబురుమాలుతో గట్టిగా రుద్ది చూడండి. మూడు నీళ్లు మార్చినా రుమాలుకి అంటుతోందంటే ఆ ముక్క పక్కన పడేయండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే. ఎండ ఉంటే మల్ గంటలో ఆరుతుంది. ముసురు రోజైతే ఫ్యాను కింద వేసి, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయండి.

మా అమ్మమ్మ తడిపిందా అని అడుగుతారు. ఆవిడ బొంతకి వేసింది పదేళ్లు కట్టిన చీరలు, అడుగున తాతగారి పొందూరు పంచె. ఆ గుడ్డలు వందసార్లు చాకిరేవు చూసినవి, ముడుచుకోవాల్సింది ముడుచుకున్నాయి, దిగాల్సిన రంగు దిగిపోయింది. మనం పాత గుడ్డ తీసేసి కొత్తది పెట్టాం, ఆ ఉతుకు మాత్రం వదిలేశాం. పాత చీరతో కుట్టి ఇస్తే చిన్నచూపు అనుకునేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు, చేత్తో ఒకసారి తాకి చూడమంటాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నెలలు పడుతుందన్నది చేతికుట్టు మాట. మిషను మీద ముక్కలు కలిపి, ముందు గుడ్డ, వెనక గుడ్డ మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, దూది షీటు చేర్చి చుట్టూ కుట్టేసి, జానెడు సందులోంచి దిండు గలీబులా తిరగేస్తే ఒక రోజు పని. ఆ సందు మూసి, పైన నాలుగైదు బారు కుట్లు వేస్తే లోపలిది కదలదు. మందంగా ఉంటేనే మంచిదా? మన ఉక్కపోతకి మధ్యలో ఒక పాత నూలు దుప్పటి చాలు, త్వరగా ఆరుతుంది కూడా. గుండీలు, పూసలు, చెమ్కీలు వద్దే వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

కొత్త తల్లులు ఎక్కువగా కంగారుపడేది చలి గురించి. అర్థమవుతుంది, నేనూ పడ్డాను. కానీ ఏడాది లోపు పిల్లలకి నిద్రలో బొంత కప్పకండి, మెత్తటిది కింద వేసి పడుకోబెట్టకండి. ముఖం మీదకి వస్తే వాళ్లు తీసుకోలేరు. చలిగా ఉంటే ఒంటికి ఒక చొక్కా ఎక్కువ తొడగండి. బొంత మెలకువగా ఉన్నప్పుడు చాప మీద పరిచి బోర్లా వేసి ఆడించడానికి, అదీ పక్కన మీరు కూర్చుని.

ఇంకొకటి. గుండుసూదులు లెక్కపెట్టి గుచ్చండి, లెక్కపెట్టి తీయండి.

చీపురుపల్లి అమ్మాయి ఆ రాత్రే గుడ్డలు నానబెట్టి, పొద్దున్నే పిండి ఆరేసిన గుడ్డల మూటతో వచ్చింది. ఎర్ర ముక్క మూడో నీళ్లకి కూడా రంగు దిగుతూనే ఉందంది. దాని బదులు నా పాత జాకెట్టు గుడ్డ వేశాను. ఐదున్నరకి బస్సు, ఐదుకి సూదులు లెక్కపెడితే ఇరవై నాలుగుకి ఇరవై మూడే ఉన్నాయి. ఇద్దరం నేల మీద కూర్చుని బొంతంతా అంగుళం అంగుళం తడిమాం. చివరికి నా చీర కుచ్చిళ్లలో దొరికింది.