యూనిట్‌కు 3.13: మహిళా సంఘాల సోలార్ లెక్క ఎక్కడ మొదలైంది

తెలంగాణలో మహిళా పొదుపు సంఘాల సోలార్ ప్లాంటు నుంచి డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, కొనే కరెంటు ధర యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. పాతికేళ్ల ఒప్పందం, మధ్యలో పెరగదు. ఈ ధరతో బ్యాంకు కిస్తీ తీరుతుందా అన్న పంచాయితీ ఇప్పుడు మళ్లీ ముందుకొచ్చింది.

ఈ లెక్క మూలం ఉచిత కరెంటులో ఉంది. 2004 నాటి ఉచిత కరెంటు కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2018 జనవరి 1. ఆ రోజు నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. బోర్లు ఎండకుండా కరెంటు రాగానే మోటరును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పిన కాలమది. రైతుకు మేలు జరిగింది, అందులో సందేహం లేదు. కానీ ఏడాది తిరిగాక, 2019లో, సోలార్ పంపులకు, పల్లెల్లో చిన్న సోలార్ ప్లాంట్లకు సాయం చేసే కుసుమ్ పథకాన్ని కేంద్రం తెచ్చేసరికి ఇక్కడి రైతుకు సోలార్ పంపు అక్కర్లేకుండా పోయింది. సబ్సిడీ పోను తన వాటా కట్టి పంపు పెట్టుకోవడం ఎందుకు, తీగ మీద కరెంటు ఊరికే వస్తుంటే? ఉన్న మోటరుకే సోలార్ పలకలు బిగించి మిగులు కరెంటు అమ్ముకునే దారి మరొకటి ఉంది. దానికి మీటరు కావాలి. మోటర్లకు మీటర్లు పెట్టేది లేదని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం తేల్చి చెప్పింది.

దాంతో గ్రిడ్ ఉన్న పల్లెకు సోలార్‌తో ఆదాయం రావాలంటే ఒక్క తోవే మిగిలింది. సబ్‌స్టేషన్ పక్కన అర మెగావాట్ నుంచి 2 మెగావాట్ల ప్లాంటు పెట్టి డిస్కంకే అమ్మాలి. కుసుమ్ పథకంలో ఆ భాగం పేరే కుసుమ్-ఏ. రైతు, సంఘం కరెంటు వాడేవాళ్ల స్థానం నుంచి అమ్మేవాళ్ల స్థానానికి వచ్చారు. అమ్మేవాళ్లకు ధరే ప్రాణం. కరెంటు ధరలు నిర్ణయించే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 3.13 ఖరారు చేసిన నాటికి మహిళా సంఘాల ఆలోచనే లేదు. సంఘాలతో 1,000 మెగావాట్లు పెట్టించాలన్న నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వ పథకం ఇందిరా మహిళా శక్తి వచ్చాక, 2024లో జరిగింది.

లెక్క చూద్దాం. ఒక మెగావాట్‌కు సుమారు 4 ఎకరాలు, 3 కోట్ల పెట్టుబడి. మన ఎండకు ఏడాదికి 15 లక్షల 50 వేల యూనిట్లు వస్తే చేతికొచ్చేది 48 లక్షల 50 వేలు. 2 కోట్ల 70 లక్షల అప్పు 10 శాతం వడ్డీతో పదేళ్లలో కట్టాలంటే ఏడాదికి కిస్తీలే దాదాపు 43 లక్షలు. మిగిలిన ఐదున్నర లక్షల్లోనే కౌలు, కాపలా, బీమా, పలకల కడుగుడు. అదే అప్పును పదిహేనేళ్లకు సాగదీస్తే ఏడాది కిస్తీ 35 లక్షలకు దిగుతుంది. కేంద్రం పెట్టిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా అప్పుకు ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. 2024 ఆగస్టులో దాన్ని కుసుమ్-ఏకు కలిపారు. మొదటి ఏడాది అది 6 లక్షల దాకా ఆదా. బ్యాంకు ముందు కూర్చున్నప్పుడు ఈ రెండూ గట్టిగా అడగకపోతే సంఘం పదేళ్లు కష్టపడి చేతికి ఏమీ మిగుల్చుకోలేదు.

కాగితం మీద కనిపించని నష్టాలు వేరే ఉన్నాయి. సబ్‌స్టేషన్‌కు కలిపే 11 కేవీ లైన్ పోతే, పలకల కరెంటును ఆ లైన్‌లోకి పంపే ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. ఎండ ఎంత కాసినా యూనిట్ పుట్టదు. పగటిపూట రోజుకు అరగంట కోత పడితే ఏడాదికి 80 వేల యూనిట్లు, అంటే రెండున్నర లక్షలు పోయినట్టే. అందుకే స్థలం చూసే ముందు ఆ సబ్‌స్టేషన్‌లో పగటి అంతరాయాల రికార్డు చూడాలి. దూరమూ ముఖ్యమే, ఎందుకంటే సబ్‌స్టేషన్ దాకా లైన్ ఖర్చు ప్లాంటుదే. నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. పునాది లోతు తక్కువైతే స్తంభాలు ఒరిగి పలకలు పగుళ్లిస్తాయి. ఎర్ర చెలక భూమి మేలు. కరీంనగర్, వరంగల్ వైపు గ్రానైట్ క్వారీల దుమ్ము పలకల మీద పేరుకుంటుంది. ఉప్పు నీటి బోరుతో కడిగితే తెల్లటి పొర పట్టి దుమ్ము కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. కడిగేది పొద్దు పొడవకముందే. ఎండకు వేడెక్కిన అద్దం మీద చల్లనీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉంది.

పెద్ద సోలార్ పార్కుల కరెంటు ఇంతకంటే చవకగా దొరుకుతుందని, సాయంత్రం డిమాండుకు ఈ కరెంటు పనికిరాదని డిస్కంల వాదన. నిజమే. కానీ పార్కు కరెంటు దూరం నుంచి రావాలి. సంఘం కరెంటు అదే సబ్‌స్టేషన్ కింద, పగలు నడిచే మోటర్లకే అందుతుంది. దారిలో పోయే నష్టం తక్కువ. పైగా కుసుమ్-ఏ కింద కొన్న ప్రతి యూనిట్‌కు కేంద్రం 40 పైసల ప్రోత్సాహకం ఇస్తుంది. మెగావాట్‌కు ఏడాదికి 6 లక్షల 60 వేలు మించకుండా ఐదేళ్లపాటు. పైన వేసిన ఉత్పత్తికి అది 6 లక్షల 20 వేలు. ఆ సొమ్ము చేరేది డిస్కంకు. సంఘం కట్టే కిస్తీలో వడ్డీ వాటా ఎక్కువగా ఉండేదీ ఆ ఐదేళ్లే.